ఎండ చూడని నారు

"ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చిందిరా? తప్పు చేసేటప్పుడు చూడని ముహూర్తం, ఒప్పుకోవడానికి చూస్తావా?"

కొండయ్యస్వామి శిష్యుల మీద గొంతు పెంచడం అరుదు. చౌడప్ప తల దించుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఆశ్రమం తోట గేటు తీసి వదిలేసింది అతనే. ఆవులు పడి మడులన్నీ మేశాయి. నింద తోటమాలి ఈరన్న మీద పడింది. ఆశ్రమం పెద్దలు అతన్ని పొమ్మన్నారు. ఈరన్న మూట కట్టుకుని రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉన్నాడు. చౌడప్ప ఇదేమీ చెప్పలేదు. "స్వామీ, తప్పు ఎప్పుడు ఒప్పుకున్నా ఒప్పుకున్నట్టే కదా?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే స్వామికి సంగతి అర్థమై మండిపడ్డాడు.

ఆపైన రెడ్డెప్ప సంగతి చెప్పాడు.

రెడ్డెప్ప మదనపల్లె దగ్గర టమాటా నారు పెంచి అమ్మేవాడు. కోడిగుడ్డులా కోలగా ఉండే కాయల రకం. ఆ సీమ ఎండకు నారు నిలవాలంటే ఒక పద్ధతి ఉంది. పొలానికి పంపే ముందు కొన్నాళ్లు నీడకోసం పైన కట్టిన పచ్చ వల తీసేయాలి. ఆకు వాలితేనే నీళ్లు చూపించాలి. అప్పుడు కాడ ఎర్రబారి గట్టిపడుతుంది. చూడ్డానికి మాత్రం పస్తులున్నదానిలా ఉంటుంది. రెడ్డెప్ప నాన్న అలాగే పెంచేవాడు. కానీ రైతులు ఆ వాడిన నారును చూసి పక్క నర్సరీకి పోతుంటే రెడ్డెప్ప ఓర్చుకోలేకపోయాడు. వల తీయడం మానేశాడు. పూటపూటకూ నీళ్లు పట్టాడు. నారు నిగనిగలాడింది. జనం ఎగబడ్డారు.

పొలంలో అది మాడిపోయిందని ఎవరైనా వస్తే అతని దగ్గర ఒకటే జవాబు. "నారుదేం తప్పన్నా? నాటిన చెయ్యి మంచిది కాదు." నలుగురూ నవ్వేవారు. వచ్చినవాడు తన చెయ్యి చూసుకుంటూ పోయేవాడు.

ఆ ఎండాకాలం అతని అక్క నరసక్క వచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి కౌలు చేసుకుని బతుకుతోంది. ఆ పంట తప్పితే భూమి వదులుకోవాల్సిందే.

"నీ చేతి నారు అంటే నాకు నాన్న ఇచ్చినట్టేరా" అంది, నారు ట్రే గుండెకు హత్తుకుని.

'నాలుగు రోజులు ఆగక్కా, ఎండకు పెట్టి ఇస్తాను' అనే మాట రెడ్డెప్ప గొంతు దాకా వచ్చింది. చుట్టూ కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు ఆ మాట అంటే, మరి మాకిచ్చిందేమిటని అడగరా? పంట చేతికొచ్చాక చెబుదాం, అప్పుడైతే నవ్వుకుంటుంది అనుకున్నాడు. ట్రేలు తనే ఆటోలోకి ఎక్కించాడు.

నారు రెండు ఎండలకే ఉడికిన ఆకుకూరలా నేలకు అతుక్కుపోయింది. నరసక్క బోరులో మిగిలిన కాసిని నీళ్లూ పోసింది. చీరలు చించి నీడ కట్టింది. ఒక్క మొక్కా తలెత్తలేదు. తమ్ముణ్ని ఆమె పల్లెత్తు మాట అనలేదు. "నా చెయ్యే మంచిది కాదు" అని భూమి వదిలేసి, టమాటాలు అమ్మే మండీలో కాయలు ఏరే కూలికి పోయింది.

రెడ్డెప్ప చాలాకాలం అటు పోలేకపోయాడు. చివరికి ఒకరోజు మండీకి వెళ్లి, ఆమె ముందు కూలబడ్డాడు.

"అక్కా, ఆ నారుకు నేను ఎండ చూపించలేదు. తెలిసే ఇచ్చాను. నీ చేతిది ఏ తప్పూ లేదు."

నరసక్క అతని ముఖంలోకి చూసి నవ్వింది. "చిన్నప్పుడూ ఇంతే నువ్వు. నేను కుండ పగలగొడితే తప్పు నీ మీద వేసుకుని అమ్మ చేత తన్నులు తినేవాడివి."

"అది వేరక్కా! అమ్మ మీద ఒట్టు, నిజం చెబుతున్నాను."

"చాల్లే. నన్ను ఊరడించడానికి చచ్చిన అమ్మ మీద దొంగ ఒట్టెందుకురా?" కొంగుతో అతని కళ్లు తుడిచింది. "నీలాంటి తమ్ముడు ఎవరికుంటాడు? చల్లగా ఉండు."

అతను ఎంత గట్టిగా చెబితే ఆమె అంతగా దీవించింది. ఆపైన బతికినన్నాళ్లూ నరసక్క ఏ మొక్కనూ ముట్టుకోలేదు. వాకిట్లో తులసికి కూడా పక్కింటావిడ చేత నీళ్లు పోయించేది. తమ్ముడు ఎప్పుడొచ్చినా ఎదురెళ్లి నెత్తి నిమిరేది. ఆ చెయ్యి నెత్తిన పడ్డప్పుడల్లా రెడ్డెప్ప కళ్లు మూసుకునేవాడు. అతని తప్పుకు అతను చెల్లించింది అదే, ఆమె పోయేదాకా.

చౌడప్ప లేచి నిలబడ్డాడు. అప్పుడే రోడ్డు వైపు నుంచి హారన్ మోగింది. ఆ తర్వాత ఇంజన్ చప్పుడు, మెల్లగా దూరమవుతూ.

స్వామి అటు తిరక్కుండానే అన్నాడు:

"ఈరన్న ఎక్కాల్సిన బస్సు అదేననుకుంటాను."