చివర వై ఉన్న మాట

చక్రధర్‌కి ఒకటే బాధ. ఇంగ్లిషులో ఐదక్షరాలుండి చివర వై వచ్చే మాటలన్నీ అతనికి కంఠతా వచ్చు. హ్యాపీ, ఎంప్టీ, డెయిరీ లాంటివి సరే, డిక్షనరీ రాసినవాళ్లే మరిచిపోయుంటారనిపించే మాటలు కూడా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు. అయినా మాస్టారు అతన్ని చెన్నై స్క్రాబుల్ పోటీలకు పంపడం లేదు.

మాస్టారంటే దక్షిణామూర్తి మాస్టారు. బాపట్లలో కాలేజీ పిల్లలకి ఇంగ్లిషు చెప్పి చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఇంటి వరండాలో స్క్రాబుల్ నేర్పుతున్నారు. సంచీలోంచి ఏడు అక్షరాల బిళ్లలు తీసి ముందు పెట్టుకుని, వాటితో బోర్డు మీద మాటలు కట్టే ఆట అది. ఎవరు చేరినా ఆయన చెప్పే మొదటి పాఠం మారదు. మనుషుల పేర్లు చెల్లవు. ఎవరైనా వేస్తే మొహమాటం లేకుండా తీయించేయాలి.

ఒక మధ్యాహ్నం చక్రధర్ ఆగలేక అడిగేశాడు.

"నాకింకా ఏం రాదంటారండీ?"

మాస్టారు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, మందుల షాపుకి వెళ్లొస్తానన్నారు. ఈలోగా అమ్మగారితో ఒక ఆట ఆడమన్నారు.

చక్రధర్ మొహం చిన్నబోయింది. పాపం, అతని తప్పేం లేదు. మాస్టారి భార్య సుభద్రమ్మగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చేయి మాత్రం ఆడుతుంది. ఆ చేత్తోనే రోజూ మాస్టారితో ఆడుతుంది. అదేం ఆటో గానీ, చూసేవాళ్లకి నవ్వొస్తుంది. ఆవిడ మూడు బిళ్లలు పేర్చి 'టీ' అని పెడుతుంది. మాస్టారు ఆట ఆపేసి లేచి వెళ్లి టీ పెట్టుకొస్తారు. 'రెయిన్' అని పెడితే వెళ్లి కిటికీలు మూస్తారు. ఎవరికెన్ని పాయింట్లొచ్చాయో ఇద్దరికీ పట్టదు. ఈ ఆటలో నేనేం నేర్చుకుంటాను అనుకుంటూనే చక్రధర్ కూర్చున్నాడు.

మొదట్లో కాస్త మర్యాదకి ఆడాడు. తర్వాత అలవాటు ఊరుకోదుగా, లిస్టులో మాటలు ఒకదాని తర్వాత ఒకటి దించేశాడు. ఆవిడ వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఎడమ చేయి ఎత్తింది. ఎమ్, యు, ఆర్, టి, వై. ఒక్కో బిళ్లా వణుకుతూ వచ్చి బోర్డు మీద కూర్చుంది. అన్నీ పెట్టి అతని మొహంలోకి చూసింది.

ఐదక్షరాలు, చివర వై. చక్రధర్ బుర్రలో లిస్టు గిర్రున తిరిగింది. అందులో లేదు. అప్పుడు వెలిగింది, నవ్వేశాడు.

"మూర్తి! మాస్టారి పేరు కదండీ అమ్మగారూ. పేర్లు చెల్లవండీ."

కసురుకోలేదు, విసుక్కోలేదు. చంటిపిల్లకి చెప్పినట్టు మెల్లగానే చెప్పి, ఐదు బిళ్లలూ తీసి ఆవిడ ముందు పెట్టేశాడు. ఆవిడ వాటిని చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది.

మాస్టారు రాగానే జరిగింది చెప్పాడు. మెచ్చుకుంటారనే అనుకున్నాడు. ఆయన మందుల కవరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏ పేరన్నావ్?"

"మీదేనండీ. మూర్తి అని."

ఆయన గుమ్మం మీదే కూర్చుండిపోయారు. "పెళ్లైన దగ్గర్నుంచీ 'ఏమండీ' అనడమే గానీ, తను నా పేరు పలకలేదోయ్," అన్నారు. చక్రధర్ మొహం పాలిపోవడం చూసి అతని భుజం తట్టారు. "పోనీలే. నువ్వాడింది నేను నేర్పిన ఆటే."

మర్నాడు మాస్టారు ఎప్పటిలాగే బోర్డు పరిచి, "నీ ఆట, భద్రా," అని ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ ఇటు తిరగలేదు. ఆయన మళ్లీ పిలవలేదు, బతిమాలలేదు. దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుని, బిళ్లలన్నీ సంచీలో పోసి లేచారు. ఆ మర్నాడూ అంతే. టీ కూడా అడగడం మానేసింది. ఆవిడకి మాటంటూ మిగిలింది ఆ బిళ్లల్లోనే. వాటినీ వదిలేస్తే ఇక మనిషి చేతికి దొరకదని డాక్టరు మొదటే చెప్పాడు.

చక్రధర్‌కి అన్నం సయించలేదు. చెన్నై ఊసే మరిచిపోయాడు. ఓ సాయంత్రం వచ్చి, క్షమించమని మాస్టారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నన్నెందుకడుగుతావురా?" అన్నారాయన. లేచి, తన కుర్చీ అతనికి చూపించి, జావ కాయడానికి వంటింట్లోకి వెళ్లిపోయారు.

చక్రధర్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు ఏం చేయాలో తోచలేదు. తర్వాత సంచీ బోర్లించి, వెతికి వెతికి ఆ ఐదు బిళ్లలూ ఏరాడు. పేర్చబోయి ఆగిపోయాడు. అది తను వేయాల్సిన మాట కాదు. కలగాపులగంగానే ఆవిడ చేతికి అందేలా పెట్టాడు.

"ఇవి మీవేనండీ అమ్మగారూ. ఆవేళ తెలీక తీసేశాను."

ఆవిడ తిరగలేదు. అతను మళ్లీ చెప్పలేదు. మాస్టారు కూర్చున్నట్టే తనూ కూర్చున్నాడు. స్టేషన్ వైపు రైలు కూత వినిపించింది. వంటింట్లో గరిట చప్పుడవుతోంది. లిస్టులో మాట ఒక్కటీ అతనికి గుర్తు రాలేదు.

వీధి లైట్లు వెలిగే వేళకి ఎడమ చేయి కదిలింది. ఎమ్ వచ్చింది. యు వచ్చింది. ఆర్ జారి కింద పడబోతే చక్రధర్ చేయి చాచాడు గానీ ముట్టుకోలేదు. ఆవిడే పట్టుకుంది. టి. ఆఖర్న వై.

చక్రధర్ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

"మాస్టారూ, అమ్మగారు మిమ్మల్ని పిలుస్తున్నారండీ."

ఆయన వెనక్కి తిరిగి అతని కళ్లలోకి చూశారు. పొయ్యి ఆర్పి, తుండుగుడ్డకి చేతులు తుడుచుకుంటూ, "ఆఁ భద్రా, ఇదిగో వచ్చేశా," అని వరండాలోకి ఇంచుమించు పరిగెత్తారు.