నేల తాకిన ఉన్ని

కాలవ ఒడ్డున ఒక ఆమె ఉన్ని ప్యాడ్లు ఉతికేది.

ఆ ప్యాడ్లు దూరాన, నగరంలో, కార్లకు మెరుగు పెట్టే షెడ్డులో పనిచేసేవి. ఒక్కోటీ చిన్న పళ్లెమంత గుండ్రం. ఒకవైపు తెల్లటి ఉన్ని, రెండోవైపు మిషనుకు అతుక్కునే పట్టీ. నగరంలో బోరు నీళ్లు ఉప్పు. వాటితో ఉతికితే ఉన్ని అట్టకడుతుంది. అందుకని ప్రతి బుధవారం ఏడు ప్యాడ్లూ ఒక రేకు పెట్టెలో బస్సెక్కి ఆమె దగ్గరికి వచ్చేవి. శుక్రవారం బస్సుకు తిరిగి వెళ్లేవి.

ఆమె పనికి వంక పెట్టడానికి లేదు. ముందు బ్రష్షుతో ఉన్ని విడదీసి, ఎండిపోయిన పాలిష్ రాలగొట్టేది. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి వేళ్లతో నొక్కి ఉతికేది, మెలితిప్పి పిండేది కాదు. నీడలో నులక మంచం మీద, ఉన్ని కిందికి ఉండేలా ఆరబెట్టేది. పట్టీలోకి నీరు దిగితే జిగురు ఊడిపోతుందని ఆమె భయం.

అవి ఆరేలోపు జాగ్రత్తలు చెప్పేది.

"చక్రాల దగ్గరికి పోవద్దు. ఎండలో ఉండొద్దు. ఒకరి పాలిష్ ఇంకొకరు పూసుకోవద్దు. అన్నిటికన్నా ముందు, నేల తాకొద్దు."

నేల తాకిన ప్యాడ్‌కు ఆ ఇంట్లో ఒకటే దారి. ఆమె పట్టీ ఊడదీసి, కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, చక్రాలు తుడిచే గుడ్డల సంచిలో వేసేది. ఉన్నిలో ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు, కారు ఒంటి నిండా గీతలే. ఆమె ఆ పని కోపంతో చేసేది కాదు. అలా కోసిన రోజు సరిగా అన్నం కూడా తినేది కాదు.

బుధవారం మూత తీయగానే ఒక్కోదాన్నీ అడిగేది.

"ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నానమ్మా."

"ఎక్కడైనా పడ్డావా?"

"లేదమ్మా."

ఆ మాట విన్నాక గాని ఆమెకు పొయ్యి మీద నీళ్లు పెట్టబుద్ధయ్యేది కాదు.

ఒక బుధవారం పెట్టెతో పాటు మేస్త్రీ కూడా బస్సు దిగాడు. మెరుగు పెట్టేది అతనే. ఒక ప్యాడ్‌ను పెట్టెలో పెట్టకుండా చేత్తో పట్టుకొచ్చాడు.

"ఏం ఉతికావక్కా ఇది? కొత్త కారు, నల్లది. తలుపు మీద సాలెగూడు అల్లినట్టు గీతలు. షెడ్డు మూసుకుని ఉల్లిపాయలు అమ్ముకోమన్నాడు ఆ కారు పెద్దాయన. ఆదివారంలోగా తలుపు బాగుచెయ్యకపోతే అదే అయ్యేలా ఉంది."

"నేను ఉతికినదాంట్లో ఇసుక ఉండదు."

"ఉండదనే కదా నేనూ మిషను ఆన్ చేసింది!"

ఆమె ప్యాడ్‌ను ఒళ్లో పెట్టుకుని, పాపిట తీసినట్టు ఉన్నిని వరసగా తీసుకుంటూ వెళ్లింది. అంచు దగ్గర, మొదలంటా దిగి, ఒక రేణువు మెరిసింది.

"పడ్డావా?"

ప్యాడ్‌కు బదులు మేస్త్రీ గొంతు తగ్గించి చెప్పాడు.

"పడింది. రెండు వారాలైంది. నా చేతిలోంచే జారింది. దులిపి పెట్టెలో పెట్టేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? నీకు చెప్పడం కంటే ఆ పెద్దాయనకు చెప్పుకోవడమే సులువక్కా."

"చెప్పి ఉంటే మొదలంటా వెతికేదాన్ని."

"వెతికేదానివా?" అంది ప్యాడ్, అప్పుడు నోరు విప్పి. "కోసేదానివి."

ఆమె లేచి వెళ్లి కత్తెర తెచ్చింది. వేళ్లు కత్తెరలో దూర్చాక, అలవాటు కొద్దీ పెట్టెలోకి చూసి మిగతా ఆరింటినీ అడిగింది.

"మీలో ఇంకెవరైనా పడ్డారా?"

"లేదమ్మా. బాగానే ఉన్నాం."

ఆ మాట ఆమె ఏళ్లుగా వింటోంది. ఆరు గొంతులూ ఒక్కలాగే ఉన్నాయని మాత్రం ఆ రోజే వినపడింది.

కత్తెర కింద పెట్టింది. ఒక్కోదాన్నీ ఒళ్లో వేసుకుని మొదలంటా వెతకడం మొదలుపెట్టింది. మేస్త్రీ రెండు బస్సులు వదులుకుని అక్కడే కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి గిన్నెలో ఐదు రేణువులు చేరాయి. ఆమె ఏ ఒక్కదాన్నీ కోయలేదు. అన్నిటినీ ఉతికి ఆరబెట్టింది.

శుక్రవారం మేస్త్రీ మళ్లీ వచ్చాడు.

"తలుపుకు ఏది పెట్టమంటావు?"

"పడినదాన్నే పెట్టు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"దాన్ని వెతికినట్టు ఇంక దేన్నీ వెతకలేదు. తీసుకెళ్లు."

మరుసటి బుధవారం ఆ ప్యాడ్ పెట్టెలోంచే చెప్పింది. గీతలు పోయాయి. ఒక్కటి మిగిలింది, వంగి చూస్తే కనిపిస్తుంది. పెద్దాయన వంగలేదు.

ఈసారి పెట్టెలో ఎనిమిదోది కూడా ఉంది. కొత్తది, ఇంకా కవరు విప్పనిది. దారిలో మిగతావి ఏం చెప్పాయో, మూత తీయగానే అడిగింది.

"నేను ఏమేం చెయ్యకూడదమ్మా?"

ఆమె కవరు చింపింది. దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, ఇసుక పోగు మీద, ఉన్ని కిందికి ఉండేలా జారవిడిచింది. పెట్టె అంచు మీదుగా ఏడూ తొంగి చూశాయి.

ఆమె దాన్ని పైకి తీసి, ఒళ్లో వేసుకుని, గడప మీద కూర్చుంది.

"చెప్పు. ఏమైంది?"

కొత్తది ఆమె ఒళ్లోంచి ఇసుక పోగు వైపు చూసింది.

"పడ్డాను."

"ఎలా?"

"ఎలా ఏమిటి? నువ్వే పడేశావు."

"అవును," అంది ఆమె, బ్రష్షు అందుకుంటూ.