జగ్గారావు తాలింఖానా

ఆ ఎండాకాలం ఎర్రగుట్ట అడవికి ఒక చిరుతపులి వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. వచ్చిన మూడోరోజే మడుగు దగ్గర నీళ్ళు తాగుతున్న దుప్పిపిల్లను ఎత్తుకుపోయింది. ఆ తర్వాత అడవిలో ఎవరూ కడుపునిండా నీళ్ళు తాగలేదు. రెండు గుక్కలు తాగడం, తలెత్తి చూడడం, ఆకు కదిలితే పరుగో పరుగు.

మంగతాయి అనే కుందేలు సంగతి మరీ అన్యాయం. మగడు కిందటేడు వరదలో కొట్టుకుపోయాడు. ముగ్గురు పిల్లలు. పొదలో నడుం వాల్చినా ఆమె చెవులు మాత్రం నిలబడే ఉండేవి. పిల్లల్లో ఒకరు తుమ్మినా ఉలిక్కిపడేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జగ్గారావు అనే నక్క తన గుహ ముందు నేల చదును చేసి, చుట్టూ ముళ్ళకంప నాటి, కసరత్తు నేర్పే తాలింఖానా తెరిచాడు. నాలుగు దుంగలు, కొన్ని గుండ్రాళ్ళు, ఒక పరుగుబాట, అంతే అందులో ఉన్నది. తెరిచిన రోజు నుంచీ ఇంటింటికీ తిరిగాడు.

"చిరుత ఎవర్ని పట్టుకుంటుందో తెలుసా? అందరికంటే వెనకబడ్డవాణ్ణి. ఆ వెనకబడేది మీరేనేమో, ఒక్కసారి ఆలోచించుకోండి," అనేవాడు. అంతే అని, వెళ్ళిపోయేవాడు. విన్నవాళ్ళకి ఆ పూట ముద్ద దిగేది కాదు.

మంగతాయి మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. జగ్గారావు ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, నాలుక చప్పరించాడు.

"చెల్లెమ్మా, నీ కాళ్ళు నువ్వెప్పుడైనా చూసుకున్నావా?"

"ఏం, ఏమైంది అన్నయ్యగారూ?" ఆమె వంగి చూసుకుంది.

"వెనక కాళ్ళు ఇంత పొడుగు, ముందు కాళ్ళు ఇంత పొట్టి. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?"

"మా వాళ్ళందరికీ ఇంతేనండీ."

"అందుకే మీ వాళ్ళలో ముసలివాళ్ళు తక్కువ," అన్నాడు జగ్గారావు జాలిగా. "భయపడకు. ముంగాళ్ళకు బలం వస్తే చిరుత నీ దుమ్ము కూడా చూడలేదు. అయితే రోజూ రావాలి. ఈ కాలానికంతా తిండి ముందే తెచ్చి ఇవ్వాలి. మధ్యలో మానేస్తే తిరిగి ఇచ్చేది లేదు. అందరికీ ఒకటే నియమం."

వానాకాలానికని దాచుకున్న ఎండు రేగుపళ్ళన్నీ మంగతాయి మోసుకొచ్చి గుహలో పోసింది. అప్పటికే అక్కడ ఎలుగుబంటి ఇచ్చిన తేనెపట్లు, అడవిపందులు తెచ్చిన దుంపలు, కోతులు రాల్చిన మేడిపళ్ళు, గుహ కప్పు తాకేంత ఇప్పపువ్వు ఉన్నాయి. అంత తిండి ఒక్కచోట చూడడం ఆమెకు అదే మొదటిసారి. ఇంతమంది నమ్మారంటే ఇందులో ఏదో ఉండే ఉంటుంది, అనుకుంది.

మర్నాటి నుంచి గుండ్రాయిని ముంగాళ్ళతో ఎత్తడం, దించడం. ఎత్తడం, దించడం. జగ్గారావు ద్వారం దగ్గర బండమీద కూర్చుని కొత్తగా వచ్చేవాళ్ళతో మాట్లాడుతుండేవాడు. ఆమెవైపు తిరిగి కూడా చూసేవాడు కాదు.

వారానికి కుడి ముంగాలు పొంగింది.

"అన్నయ్యగారూ, వాచిందండీ. నేల మీద ఆనడం లేదు."

"నొప్పి పుడుతోందా?"

"చచ్చేంత."

"మంచిది! బలం లోపలికి వస్తోందన్నమాట. ఇంకాస్త పెద్ద రాయి తీసుకో. గుహలో ఆకు పసరు ఉంది, రాసుకో. దానికి మాత్రం విడిగా రెండు దోసిళ్ళ పళ్ళు తేవాలి సుమా."

ఆమె పెద్ద రాయి దగ్గరికి జరిగింది. మానేస్తే ఇచ్చిన తిండి పోతుంది. మానకపోతే కాలు పోతుంది. ఈ రెండింటి మధ్యా నలిగిపోతూ, రాయి ఎత్తింది.

ఆమె పక్కనే దుంగలు నెట్టే అడవిదున్న బైరయ్య ఇదంతా చూస్తున్నాడు. ఆయనకు మాట తక్కువ, ఓపిక ఎక్కువ. తిండి ఇచ్చాను కాబట్టి రావాలి అనుకుని, ఒక్క రోజూ మానకుండా వచ్చేవాడు. ఒకనాడు జగ్గారావు ఆయన్ని పక్కకు పిలిచాడు.

"బైరయ్యా, రోజూ ఎందుకయ్యా ఇంత శ్రమ? నువ్వు నెట్టి నెట్టి దుంగలు అరిగిపోతున్నాయి. వారానికోసారి వస్తే చాలదూ?"

"మొదట్లో రోజూ రమ్మన్నారుగా?"

"అన్నాననుకో. నీ అలసట చూడలేక చెబుతున్నాను. ఆ ఎలుగుబంటిని చూడు, ఎంత మంచివాడో! చేరిన రోజు వచ్చాడు, మళ్ళీ అలికిడి లేదు. అలాంటివాళ్ళంటే నాకు ప్రాణం."

బైరయ్యకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఏమిటో తేల్చుకోలేక తల ఊపి వెళ్ళిపోయాడు.

మరో నాలుగు రోజులకు, సాయంత్రం ఎండ వాలుతుండగా మంగతాయి పిల్లల్ని వెంటబెట్టుకుని మడుగుకు వెళ్ళింది. గాలి ఆగిపోయింది. కప్పలు అరవడం మానేశాయి. ఆమెకు మెడ వెనక వెంట్రుకలు లేచాయి. "పొదలోకి! ఉరకండి!" అంది. పిల్లలు మూడు చుక్కల్లా మాయమయ్యారు. తానూ ఎగిరింది. కుడి ముంగాలు నేలను తాకగానే మడత పడింది. ముఖం మట్టిలో గుద్దుకుంది.

లేవబోయింది. మళ్ళీ పడింది. రెల్లుగడ్డిలోంచి చిరుత నెమ్మదిగా బయటకు వచ్చింది. దానికి తొందర కూడా లేదు.

అప్పుడు గలగలమని చప్పుడైంది. వీరాస్వామి అనే ముళ్ళపంది, ఒళ్ళంతా ముళ్ళు విప్పుకుని, వెనక్కి నడుస్తూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. చిరుత పంజా విసిరింది. ఆ పంజాలో మూడు ముళ్ళు దిగాయి. ఒక్క అరుపు అరిచి, కుంటుకుంటూ రెల్లులోకి పోయింది.

మంగతాయి మట్టిలోంచి లేచి కూర్చుంది.

"బాబాయ్, నువ్వు రాకపోతే..."

"నా సంగతి ఉంచు. నువ్వెందుకు పడ్డావు? ఈ అడవిలో నీకంటే జోరుగా ఉరికేవాళ్ళు ఎవరున్నారే?" అని కసురుకున్నాడు వీరాస్వామి. అప్పుడు చూశాడు ఆమె వాచిన కాలు.

తెల్లవారగానే ఆమె జగ్గారావు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళింది.

"ఇంక నావల్ల కాదండీ. మీరు తిన్నది తిన్నారు, మిగిలిన పళ్ళు ఇప్పించండి. పిల్లలు పస్తుంటారు."

"చిరుత నిన్ను పట్టుకుందా?"

"లేదు. కానీ..."

"చూశావా మరి! అది మన తాలింఖానా చలవ కాదూ? ఇంకో కాలం కూడా చేరావంటే..."

"కాలు విరిగిపోతోందండీ!"

"లోపం నీ కాలిలో ఉంటే నేనేం చేసేది తల్లీ? నేను మొదటి రోజే చెప్పాను," అన్నాడు జగ్గారావు. అప్పుడే వచ్చిన ఉడుముల జంటవైపు తిరిగి, "రండి రండి, చిరుత ఎవర్ని పట్టుకుంటుందో తెలుసా?" అని మొదలుపెట్టాడు.

మంగతాయి బయటకు వచ్చి కంప పక్కన కూలబడింది. ఏడవడానికి కూడా భయమే, ఎవరు వింటారోనని. అక్కడికి బైరయ్య, వీరాస్వామి వచ్చారు. బైరయ్య చాలాసేపు నెమరు వేసి, జగ్గారావు తనతో అన్న మాట చెప్పాడు.

"రోజూ వచ్చే నన్ను రావద్దన్నాడు. రాని ఎలుగుబంటిని మెచ్చుకున్నాడు. ఎందుకంటావు?"

వీరాస్వామి ముళ్ళు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. "లోపల ఒకేసారి ఎంతమంది కసరత్తు చేయగలరు?"

"పదిమంది. పన్నెండైతే ఒకరి కొమ్ములు ఒకరికి తగులుతాయి."

"చేరింది ఎంతమంది?"

"ఎవరికి తెలుసు? రోజూ కనపడేది ఏడెనిమిది మంది."

"ఆ గుహలో తిండి చూశావుగా. అది ఎనిమిది మంది తిండా?"

ఆ రోజంతా ముగ్గురూ మూడు దిక్కులకు వెళ్ళారు. మంగతాయి కుంటుతూనే జింకల దగ్గరికి పోయింది. "అక్కా, నువ్వు తాలింఖానాలో చేరావా?" అని అడిగితే, జింక తల దించుకుంది.

"చేరాను తాయీ. రెండు రోజులు పోయాను. తర్వాత పోలేకపోయాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. అందరూ పోతున్నారు, నేనొక్కదాన్నే బద్ధకస్తురాలిని, చిరుతకు దొరికేది నేనే అని రోజూ బెంగ."

అడవిపంది అదే చెప్పింది. కోతి అదే చెప్పింది. ఎలుగుబంటి అయితే కళ్ళనీళ్ళే పెట్టుకున్నాడు. లెక్క చూస్తే చేరింది అరవై మూడు మంది. మానేసినవాళ్ళంతా ఎవరికి వారే, తప్పు తమదేనని లోలోపల కుమిలిపోతున్నారు.

"ఎవరూ ఏమీ అడగొద్దు, అరవొద్దు," అన్నాడు వీరాస్వామి అందరితో. "రేపు పొద్దున్న కసరత్తుకు రండి. తిండి ఇచ్చారుగా. వచ్చి కసరత్తు చేయండి, అంతే."

మర్నాడు సూర్యుడు గుట్ట మీదికి రాకముందే జింకలు వచ్చాయి. వాటి వెనక అడవిపందులు. కోతులు దుంగల మీద కూర్చున్నాయి. ఉడుములు రాళ్ళ కింద దూరాయి. ఎలుగుబంటి రాగానే పరుగుబాట సగం నిండిపోయింది.

జగ్గారావు నిద్రకళ్ళతో బయటకు వచ్చి, అక్కడే బిగుసుకుపోయాడు.

"ఏమిటిది? ఏం జరిగింది? చిరుత వచ్చిందా?"

"కసరత్తుకండీ," అంది జింక.

"అందరూ ఒకేసారి వస్తే ఎట్లా? కొందరు రేపు రండి!"

"ఎవరు రేపు రావాలి?" అని అడిగాడు బైరయ్య నెమ్మదిగా. "చిరుత పట్టుకునేది వెనకబడ్డవాణ్ణేనని మీరే అన్నారుగా. రేపటిదాకా ఆగి చచ్చేది ఎవరో మీరే చెప్పండి."

జగ్గారావు గుహవైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతలో వెనకున్నవాళ్ళు ముందుకు తోశారు. కంప కూలింది. ముందున్నవాళ్ళు గుహలోకే వచ్చి పడ్డారు. అక్కడ తమ తిండిని చూశారు. ఎవరూ కోపంతో అరవలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నువ్వూ రావడం లేదా?"

"నువ్వూనా?"

"మీ అందరి మేలు కోరే కదా నేను..." అన్నాడు జగ్గారావు గోడకు జరుగుతూ.

"అయితే మా అందరికీ చోటు చూపించు, మేం మాట్లాడం," అన్నాడు వీరాస్వామి.

చూపించడానికి చోటు లేదు. మధ్యాహ్నానికల్లా ఎవరి తిండి వాళ్ళు మోసుకుపోయారు. అతను తినేసింది మాత్రం పోయినట్టే. మంగతాయికి సగం పళ్ళే దక్కాయి. వానలు ఆలస్యమైతే ఎలాగన్న దిగులు మిగిలింది.

చిరుత కూడా మిగిలింది. అది ఎక్కడికీ పోలేదు. అందరూ కూర్చుని ఆలోచించి, మడుగు పక్క బండమీద రోజుకొక నెమలిని కాపలా పెట్టుకున్నారు. మంగతాయి కాలికి బైరయ్య చెప్పిన వైద్యం ఒకటే: రాయి ముట్టుకోవద్దు, పడుకో, వాపు తగ్గాక ఇసుకలో మెల్లగా నడువు. నెల తిరిగేసరికి ఆమె తన నడక తాను నడిచింది. ఇంకో పది రోజులకు ఎగిరింది కూడా.

ఒక ఉదయం అందరూ నీళ్ళు తాగుతుంటే నెమలి గొంతు చించుకుని అరిచింది. అందరూ చెదిరిపోయారు. మంగతాయి పిల్లలతో సహా రాళ్ళ సందులోకి దూరింది. బయట ఎవరో రొప్పుతూ వస్తున్నారు. జగ్గారావు! నాలుగు అడుగులకొకసారి ఆగుతున్నాడు. వెనక రెల్లు చీలుతోంది.

"చెల్లెమ్మా, కాస్త జరుగు!"

ఆమె జరిగింది. జగ్గారావు తల లోపలికి వచ్చింది, భుజాలు వచ్చాయి. కడుపు రాలేదు. అడవి అంతటి తిండీ బండమీద కూర్చుని తిన్న కడుపు.

"కడుపు లోపలికి లాక్కోండి అన్నయ్యగారూ! ఊపిరి బిగబట్టండి!" అంటూ మంగతాయి అతని చెవి పట్టుకుని లాగింది. పిల్లలు ఏడుస్తున్నారు. జగ్గారావు కళ్ళలో ఆమె ఎన్నడూ చూడని భయం. అంతలో అతను కెవ్వుమన్నాడు.

బైరయ్య కొమ్ములు వంచి నేల అదిరేలా రాకపోతే చిరుతకు నక్క మొత్తం దక్కేది. దక్కింది తోక మాత్రమే.

అందరూ కలిసి అతన్ని బయటకు లాగారు. జగ్గారావు మట్టిలో కూర్చుని, తెగిన తోకవైపు చూడలేక, తన కడుపువైపు చూసుకున్నాడు.

"నేను ఎప్పుడు ఇంత లావయ్యాను?"

"మేం నీ దగ్గర బలం కోసం చేరినప్పటి నుంచి," అన్నాడు వీరాస్వామి.

మన భయం ఎవరికి తిండి పెడుతోందో చూసుకోకపోతే, వాళ్ళు చెప్పే ప్రతి మాటా మన మేలు కోసమేననిపిస్తుంది.