జెండా చుట్టూ కుండలు

సగానికి సగం తగ్గించి చెబుతున్నా, అయినా మీరు నమ్మరు. వెనకటికి జగ్గభూపతి అని ఓ దొర ఉండేవాడు. పొట్టి ఇనపకోలతో బంతిని కొట్టి, జెండా పాతిన గుంటలో వెయ్యాలని ఆయన సరదా. కొడితే బంతి మబ్బుల్లో కాకుల్ని పలకరించి మరీ దిగేది. దిగేది జెండా దగ్గర కాదు, ఎడంపక్క కుమ్మరి అంకమ్మ వాకిట్లో ఎండే కుండల మీద!

అంకమ్మ లబోదిబోమంటూ వెళ్లి అడిగితే దొర ఎగిరిపడ్డాడు. "నా బంతి తిన్నగానే పోతుంది. నీ కుండలే అడ్డమొస్తున్నాయి. నా బంతి రాని చోట పెట్టుకో, ఫో!"

అంకమ్మకి ఒళ్లు మండిపోయింది. కుండలన్నీ మోసుకెళ్లి జెండా చుట్టూ పేర్చింది.

"ఎంత పొగరే నీకు!" అన్నాడు దొర.

"తమరు చెప్పిందే చేశా దొరా. ఊరంతా వెతికాను. తమరి బంతి ఇంతవరకూ రాని చోటు ఇదొక్కటే."

దొర పళ్లు నూరుతూ కుండలకేసి కొట్టాడు. బంతి ఎప్పట్లానే ఎడంగా పోయి, అంకమ్మ ఖాళీ వాకిట్లో పడింది.

"చూశారా! మా వాకిలికేసి తిరిగి నిలబడి కొడితే బంతి ఇంకెటు పోద్ది? అన్యాయంగా నా కుండల్ని తిట్టారే!" అని కడిగేసింది అంకమ్మ.

దొర మొదటిసారి తన కాళ్లకేసి చూసుకున్నాడు. కుండలు పగలగొట్టి తీరాలన్న పంతంతో, రోజూ కాస్త కాస్త జెండాకేసి తిరిగి నిలబడి కొట్టాడు. చివరికోనాడు బంతి తిన్నగా పోయి జెండాకి తగిలింది. కుండలేవీ?

గురి కుదురుతోందని కనిపెట్టి, అంకమ్మ ముందురోజే వాటిని తన వాకిట్లోకి చేర్చేసింది. బంతి అటు రావడం మానేసిందిగా!