బుల్లోడి మెడపట్టీ

అనగనగనగా, ఎండలు మండిపోయే ఒక ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. తోలుపని చేసేది. చెప్పులు, సంచులు, ఎడ్లకు పట్టీలు, ఏది కుట్టినా కళ్ళప్పగించి చూడాల్సిందే. ఊఁ కొట్టు మరి, లేకపోతే నేనూ పడుకుంటాను.

అదే ఊళ్ళో దస్తగిరి తాతకు ఒక నీళ్ళబండి, దాన్ని లాగే బుల్లోడనే ఎద్దు ఉండేవి. ఒకరోజు తాత దిగాలుగా వచ్చాడు.

"అమ్మా సుంకులూ, బుల్లోడి మెడ పుండయింది. పట్టీ చూస్తేనే మెడ తిప్పేసుకుంటాడు. బండి కట్టకపోతే మాకు తిండెట్లా? వాణ్ణి సంతకు తోలాల్సిందేనేమో" అని కళ్ళొత్తుకున్నాడు.

ఆ పట్టీ తను కుట్టిందే మరి! సుంకులమ్మ గుండె కలుక్కుమంది.

అప్పుడు కొత్త పట్టీ కుట్టింది. పైన గవ్వలు పొదిగింది, మువ్వలు కట్టింది. ఊరంతా ఆహా అంది. బుల్లోడికి మాత్రం మళ్ళీ అదే రాపిడి. మువ్వలు వాడికెందుకు, పాపం!

ఆ తర్వాత పట్టీని ఆముదంలో నానబెట్టింది. మెత్తబడింది గానీ, దారిలో దుమ్మంతా అంటుకుని పుండు ఇంకా రేగింది.

అప్పుడు సుంకులమ్మకు ఒళ్ళు మండింది. "దీని సంగతేమిటో చూస్తా" అని పట్టీ తీసి తన మెడకే కట్టుకుంది! అది మెడకు ఉండగానే పొయ్యి ఊదింది, బట్టలుతికింది. వీధిలో వాళ్ళు పడీ పడీ నవ్వారు. మధ్యాహ్నానికి మెడంతా కందిపోయింది. తిరగేసి చూస్తే ఏముంది? లోపలి వైపంతా గరుకు పీచు. అక్కడెవరు చూస్తారులే అని ఆమె ఏనాడూ చెయ్యి పెట్టలేదు.

"అయ్యో బుల్లోడా, నోరులేనివాడివి, ఎంత ఓర్చుకున్నావురా!" అని ఏడ్చేసింది.

ఆ తర్వాత కత్తితో పీచంతా గీకేసింది. చింతగింజల జిగురు పూసింది. తడి ఆరీ ఆరకముందే ఏటి గులకరాయితో రుద్దింది. మళ్ళీ పూసింది, మళ్ళీ రుద్దింది. నీ బుగ్గలాగా నున్నగా అయ్యేదాకా వదల్లేదు. పుండు మానేదాకా తాతే కావడితో నీళ్ళు మోశాడు.

మానాక భయంభయంగా పట్టీ కట్టాడు. మొదటిరోజు బుల్లోడు గింజుకున్నాడు. మర్నాడు తాత చేతిలో పట్టీ చూడగానే, తనంతట తనే మెడ వంచాడు!

తాత సుంకులమ్మకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"నాకెందుకు తాతా? నా పని నాకు నేర్పింది వాడు. నేనే వాడికి పెట్టాలి" అని ఆమె బుల్లోడి మెడ నిమిరింది.

అంతే! ఆనాటినుంచి నీళ్ళబండి సుంకులమ్మ గుమ్మం ముందు ఆగాల్సిందే. తాత ఎంత అదిలించినా సరే, ఆమె వచ్చి మెడ నిమిరితే తప్ప బుల్లోడు అడుగు కదిపేవాడు కాదు.

కథేమో కంచిలోకి,
బుల్లోడు కొట్టంలోకి,
నువ్వు నా దుప్పట్లోకి!