గేటు దగ్గర సీసాలు

ఏటి మీద పడవ నడిపే లచ్చన్న పోయి పన్నెండు రోజులైంది. శౌరికి మాత్రం కోపం ఇంకా చల్లారలేదు. చచ్చిపోయినవాడి మీద కోపమేమిటని ఎవరైనా అడిగితే చెప్పలేడు గానీ, ఉంది.

మిషన్ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఇప్పుడు కూర్చునేది శౌరి. నలభై ఏళ్లుగా ఆ కిటికీ సిస్టర్ బెనడిక్టది. చీటీ చదవడం, మోతాదు చూడడం, రోగి మొహం చూడడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఆవిడే పట్టుబట్టి ఫార్మసీ చదివించింది. తుంటి ఆపరేషనుకి పట్నం వెళుతూ తాళాలగుత్తి అతని చేతిలో పెట్టింది. మూడు నెలల తర్వాత ఆ పొద్దున్నే చేతికర్ర ఊతంతో తిరిగొచ్చింది.

ఆవిడ కుర్చీలో సర్దుకోకముందే శౌరి మొదలుపెట్టాడు.

"లచ్చన్నని మూడుసార్లు అడిగాను సిస్టర్, పసరుమందులేమన్నా తాగుతున్నావా అని. మూడుసార్లూ లేదన్నాడు. మనమిచ్చిన మాత్రకే అయితే షుగరు అంత అడుగంటిపోదు. తెల్లారేసరికి తెలివి తప్పింది. ఇక్కడికి తెచ్చేలోపే అయిపోయింది. ఇంకేదో తాగే ఉంటాడు. అబద్ధమాడి ప్రాణం మీదికి తెచ్చుకుంటే నేనేం చేసేది?"

సిస్టర్ కర్ర గోడకి ఆనించి, "కిటికీ పైన ఆ బోర్డు ఎప్పుడు పెట్టావు?" అని అడిగింది.

ఎర్ర అక్షరాల బోర్డు అది. 'నాటుమందులు వాడువారికి ఇక్కడ మందులు ఇవ్వబడవు.'

"మీరెళ్ళిన వారానికే. బాగా పనిచేసింది సిస్టర్. అంతకుముందు రోజుకి పదిమంది సీసాలు పట్టుకొచ్చి, ఇది తాగొచ్చా, అది తాగొచ్చా అని ప్రాణం తోడేసేవారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందిరా బాబూ అంటే వినేవారా? ఇప్పుడు ఒక్కరు కూడా తేవట్లేదు."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా తొంగిచూసింది. పాపం, అది అతనికి తెలియలేదు.

అంతలో కిటికీ ముందుకి లచ్చన్న పెళ్ళాం పెంటమ్మ వచ్చింది. పన్నెండు రోజుల్లో మనిషి సగమైపోయింది. కొంగుముడి విప్పి, మిగిలిన మాత్రల అట్టలు కిటికీ అరుగు మీద పెట్టింది.

"మా ఆయనవండి. మిగిలిపోయాయి. ఎవరికన్నా పనికొత్తాయని తెచ్చాను."

ఒకరింట్లోంచి వచ్చిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ సంగతి ఆవిడతో అనడానికి శౌరికి నోరు రాలేదు. అనవలసింది అది కాదని కూడా అనిపించింది.

"పెంటమ్మా, ఇప్పటికైనా నిజం చెప్పు. పసరేమైనా తాగేవాడా?"

పెంటమ్మ తలెత్తి బోర్డు చూసింది. ఆవిడకి చదువు రాదు. అయినా అందులో ఏముందో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు.

"లేదండి," అంది.

విన్నారా అన్నట్టు శౌరి వెనక్కి తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. సిస్టర్ అప్పటికే సంచీలోంచి ఏదో తీసుకుని, కర్ర పొడుచుకుంటూ తలుపు దాటి బయటికి వెళ్ళి, రోగులతోపాటు వరసలో నిలబడింది. పెంటమ్మ పక్కకి జరిగాక కిటికీ ముందుకొచ్చింది.

"నా బీపీ మాత్ర ఇవ్వు శౌరీ."

అతను డబ్బా అందుకోబోయాడు.

"ఆగు. ఇది కూడా చూడు." చిన్న సీసా అరుగు మీద పెట్టింది. "వావిలాకు తైలం. నాలుగేళ్ళుగా మోకాళ్ళకి రాస్తున్నాను. బోర్డు ప్రకారం నాకు మాత్ర ఇవ్వకూడదు కదా?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక ఊరుకున్నారు. శౌరి మొహం జేవురించింది.

"మీది వేరు సిస్టర్."

"ఏం వేరు?"

అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవ్వకులే. రూలు రూలే," అని సిస్టర్ పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

పెంటమ్మ ఆ తైలం సీసా వంక చాలాసేపు చూసింది. తర్వాత గిరుక్కున తిరిగి గేటువైపు నడిచింది. ఎందుకో శౌరి కూడా లేచి ఆవిడ వెనకే వెళ్ళాడు.

గేటు పక్క క్రోటన్ మొక్కల వెనక వంగి ఆవిడ ఒక సీసా తీసింది. అక్కడ అదొక్కటే లేదు. గుడ్డపీలిక కుక్కిన సీసాలు, పాత హార్లిక్స్ సీసాలు, ఆకుతో మూతికట్టిన ముంతలు. గుడి ముందు చెప్పులు విడిచినట్టు విడిచి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుపోవడానికి అందరూ అక్కడే పెట్టుకుంటున్నారు. మూడు నెలలుగా అతను ఆ గేటులోంచే రోజూ వచ్చి వెళుతున్నాడు.

"పొడపత్రి కషాయమండి," అంది పెంటమ్మ. "మిమ్మల్ని అడుగుదామని తెచ్చి, భయమేసి ఇక్కడే పెట్టేశానండి. షుగరుకి మంచిదని మా మామ కాలం నించీ మా ఇంట్లో కాత్తారు. పొద్దున్నే పరగడుపున తాగేవాడు. మీ మాత్ర కూడా ఒక్కపూట మానలేదండి. చెబితే మాత్ర ఇవ్వడం మానేత్తారని..." ఆగింది. "ఏది చంపిందండీ ఆయన్ని? ఇదా, మాత్రా?"

మాత్ర దాని పని అది చేసింది. ఆకు దాని పని అది చేసింది. రెండిటిదీ ఒకటే పని, షుగరు దించడం.

"రెండూ కలిసి, పెంటమ్మా. ముందే చెప్పుంటే మాత్ర తగ్గించేవాళ్ళం." ఆ మాట ఎంత అన్యాయంగా ఉందో అతని చెవికే తెలిసింది. "చెప్పనివ్వలేదు. నేనే."

పెంటమ్మ కొంగుతో సీసా తుడిచింది. శాపనార్థాలు పెట్టినా బాగుండేది అనుకున్నాడు శౌరి.

"మా చెల్లి మొగుడిక్కూడా ఇదే జబ్బండి. ఈ రెండూ వాడతన్నాడు. ఏది మానెయ్యమని చెప్పనండి?"

నిన్నటిదాకా ఆ జవాబు శౌరి నాలుక చివరే ఉండేది.

"రెండూ పట్టుకుని ఇవాళే రమ్మను. ఇక్కడ పెట్టొద్దను. కిటికీ దాకా తెమ్మను."

లచ్చన్న సీసా ఆవిడ చేతిలోంచి తీసుకుని వెనక్కి వచ్చాడు. కషాయం పులిసి వాసనేస్తోంది. దాన్ని సిస్టర్ తైలం సీసా పక్కన పెట్టాడు. స్టూలెక్కి బోర్డు దించాడు. వరస చివరనున్న ముసలాయన దగ్గుకుంటూ గేటు పక్క మొక్కలవైపు కదిలాడు. ఆయన వెనక ఇంకొకామె.

సిస్టర్ లేచి వచ్చి మళ్ళీ కిటికీలోకి చెయ్యి చాపింది.

శౌరి మాత్రల డబ్బా తీశాడు. కళ్ళలో నీళ్ళకి దాని మీద పేరు ఆనలేదు. మూత తియ్యకుండానే అడిగాడు.

"ఇంకేం వాడుతున్నారు సిస్టర్?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"మూడుసార్లు అడిగానన్నావు," అంది. "అడిగింది ఇప్పుడు."