పలచబడిన నేత

నీలవేణికి వచ్చిన చిక్కు చూడటానికి చిన్నదే. పంతొమ్మిది మంది ఆడవాళ్ళు ఆమె ఫారానికి లొంగడం లేదు.

డాక్టర్ చదువు ముగించి, ప్రాక్టీసు వద్దు పరిశోధనే చేస్తానని ఇంట్లో అందరితో పేచీపడి, ఆమె డాక్టర్ సలోమీ గారి దగ్గర చేరి రెండేళ్ళయింది. సలోమీ గారంటే ఆ చుట్టుపక్కల తెలియని ఆడమనిషి లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ముతక తెల్లచీర, మెడలో వేలాడే కళ్ళజోడు. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. ఆవిడ నోట ఒక పాఠం రప్పించడం రాతి నుంచి నార తీయడమేనని పాత శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాళ్ళు పరిశోధనకి పట్టుకున్న జబ్బు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట మొలుస్తుంది. అండాశయాల మీద, పేగుల మీద, ఎక్కడ పడితే అక్కడ. నెలనెలా అదీ రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి దారి ఉండదు. లోపలే నిలిచి, వాచి, లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కునేలా చేసి మనిషిని మెలిపెట్టేస్తుంది. ఎందుకు వస్తుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. నెలసరి రక్తం కొంత వెనక్కి మళ్ళి పొత్తికడుపులోకి పోవడం వల్లేనని ఒక వాదం ఉంది. అలా పోవడం చాలామందిలో జరుగుతుంది, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. మరి మిగతావాళ్ళని ఏది కాపాడుతోంది? సలోమీ గారు ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నని వదలలేదు.

చేరిన రోజునే నీలవేణి అడిగింది, "అసలు కారణం ఏమిటంటారు మేడం?" అని.

"తెలియదు" అన్నారు ఆవిడ. "ఆ మాట సిగ్గుపడకుండా అనడం నేర్చుకో. మిగతావి తర్వాత."

ఇప్పుడు నడుస్తున్న పరిశోధన సంగతి ఇది. నొప్పి బాగా ఎక్కువున్న వాళ్ళకి కడుపు మీద చిన్న గాటుపెట్టి కెమెరాతో లోపల చూస్తారు. కనిపించిన మచ్చల్ని తీసేస్తారు. ఆ తర్వాత రోజుకో మాత్ర ఇచ్చి, నొప్పి ఎన్నాళ్ళు తిరిగిరాకుండా ఉంటుందో గమనిస్తారు. తీసిన ముక్కలు కారణం వెతకడానికి ల్యాబుకి పోతాయి. ఎవరిని తీసుకోవాలో తేల్చే ఫారం మాత్రం నీలవేణి సొంత తయారీ. ఆర్నెల్లు కూర్చుని, ఒక్కో మాటా తూచి రాసింది. అందులో అసలైనవి రెండు ప్రశ్నలు. నొప్పికి సున్నా నుంచి పది దాకా ఎంత వేస్తారు? నొప్పి వల్ల నెలకి ఎన్ని రోజులు పని మానేశారు? నొప్పి ఏడు దాటాలి, లేదా రెండు రోజులైనా పని మానేసి ఉండాలి. ఎథిక్స్ కమిటీ వాళ్ళు కూడా మెచ్చుకున్న ఫారం అది. నీలవేణికి దాని మీద కాస్త గర్వం ఉంది, ఉండకూడదని ఎవరంటారు?

తంటా అంతా నేతపేట నుంచి వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు పంతొమ్మిది మంది ఓపీకి వస్తున్నారు. పాలిపోయిన ముఖాలు, గోడ పట్టుకుని నడవడం. ఫారం నింపితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు. నొప్పి, మూడో నాలుగో. మానేసిన రోజులు, సున్నా.

వాళ్ళలో దమయంతి ఒకతె. ఇరవై ఏడేళ్ళు, నాలుగేళ్ళ కూతురు. పదిహేనో ఏట మొదలైంది ఆమెకి ఈ బాధ. పెళ్ళయితే తగ్గుతుందన్నారు, పెళ్ళయింది. కాన్పయితే తగ్గుతుందన్నారు, కాన్పూ అయింది. ఆరుగురు డాక్టర్లు గ్యాస్ మాత్రలు రాశారు. సలోమీ గారి దగ్గరికి రావడం ఆమెకి ఇదే ఆఖరి ప్రయత్నం. ఇక్కడ కూడా ఏమీ లేదంటే ఇక ఎక్కడికీ తిప్పేది లేదని భర్త చెప్పేశాడు.

"పదికి ఎంత వేస్తారమ్మా?" అని నీలవేణి అడిగినప్పుడు దమయంతి ఆలోచించింది.

"పాసవ్వాలంటే ఎంత రావాలండీ?"

"ఇది పరీక్ష కాదమ్మా."

"మూడున్నర వెయ్యండి మేడం. ఎందుకైనా మంచిది."

నీలవేణి మూడున్నర వేసింది. నవ్వు కూడా వచ్చింది ఆమెకి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ వారం చివర, శుక్రవారంతో పేర్లు తీసుకోవడం ఆగిపోతుంది. సోమవారం పొద్దున్నే ఫైళ్ళు పట్టుకుని గురువు గారి గదికి వెళ్ళింది. "మేడం, ఈ నేతపేట పంతొమ్మిది మందినీ తీసెయ్యమంటారా? ఫారం ప్రకారం వీళ్ళకి జబ్బు అంత లేదు."

సలోమీ గారు ఫైళ్ళ వంక చూడలేదు. "దమయంతిని లోపలికి పిలువు" అన్నారు.

దమయంతి వచ్చి బల్ల మీద పడుకుంది. ఆవిడ పొట్ట నొక్కి చూశారు. ఎక్కడ చెయ్యి వేస్తే ఊపిరి బిగబడుతోందో చూశారు. ఆ తర్వాత ఉన్నట్టుండి దమయంతి పైటకొంగు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపారు.

"ఇది నువ్వు నేసిందేనా?"

"మాదేనండీ. పలచగా ఉందని మా నేత సొసైటీవాళ్ళు తిప్పికొట్టారు. పారెయ్యలేక నేనే కట్టుకున్నా."

"ఇలా తిప్పికొట్టింది ఇంకా ఉందా?"

"ఒక గుడ్డ తాను ఉందండీ. రెండు నెలల నేత."

"బుధవారం పట్రా."

బయట అరవై మంది రోగులు కూర్చుని ఉన్నారు. వీళ్ళిక్కడ చీరల ముచ్చట్లు పెట్టుకున్నారు. పెద్దావిడకి వయసు మీద పడుతోందేమోనని నీలవేణికి మనసులో ఒక్క క్షణం అనిపించింది. పైకి అనలేదు, ఆమాత్రం భయభక్తులున్నాయి.

బుధవారం దమయంతి ఆ గుడ్డని పాత దుప్పటిలో మూటకట్టి తెచ్చింది. తెల్లటి నూలు గుడ్డ, చుట్ట చుట్టి ఉంది. తప్పు చేసి దొరికిపోయిన దానిలా తలదించుకుని నిలబడింది. సలోమీ గారు చుట్టని ఆమెకే పట్టుకోమని, రెండో కొస నీలవేణి చేతికిచ్చారు. ఇద్దర్నీ కిటికీకి అటూ ఇటూ నిలబెట్టారు.

"లాగు. మెల్లగా."

నీలవేణి లాగింది. పదకొండు గంటల ఎండ కిటికీలోంచి గుడ్డ మీద పడుతోంది. దమయంతి చుట్ట విప్పుతుంటే నీలవేణి తన వైపు చుట్టుకుంటోంది. గుడ్డ చిక్కగా, తెల్లగా, ఒకే తీరుగా సాగుతోంది. మూడు గజాలు, ఆరు గజాలు, పది. చేతులు నొప్పెడుతున్నాయి. ఇదెందుకో ఆమెకి అంతు పట్టలేదు.

అప్పుడు ఎండ గుడ్డలోంచి దూరి ఆమె ముఖం మీద పడింది.

అక్కడ గుడ్డ జల్లెడలా ఉంది. రెండు గజాల మేర అంతే. అటు తర్వాత మళ్ళీ చిక్కబడింది. ఇంకా లాగింది. మరో పదిహేను గజాలు పోయాక మళ్ళీ ఎండ ముఖం మీద పడింది.

సలోమీ గారు ముందే తెప్పించి ఉంచిన, పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దాన్ని బల్ల సొరుగులోంచి తీసిచ్చారు. నీలవేణి కళ్ళు చికిలించి లెక్కపెట్టింది. చిక్కటి చోట అంగుళానికి అరవై ఎనిమిది పేక పోగులు, అంటే అడ్డపోగులు. పలచటి చోట యాభై రెండు.

"ఇక్కడ ఏమైందమ్మా?" అని సలోమీ గారు దమయంతిని అడిగారు.

"ఆ నాలుగు రోజులూ చెయ్యి ఆడలేదండీ." దమయంతి గొంతు చాలా మెల్లగా ఉంది. "పేక పోగు వేసిన ప్రతిసారీ పోగుని నొక్కే పలకని గట్టిగా మనవైపు లాక్కుని కొట్టాలి. ఆ లాగుడు పొత్తికడుపు మీద పడుద్ది. తువ్వాలు బిగించి కట్టుకుని కూర్చున్నా. అయినా దెబ్బ సరిగ్గా పళ్ళేదు."

నీలవేణి అడిగింది. "మరి ఆ రోజుల్లో మానెయ్యలేదా?"

"ఎట్టా మానేదండీ? పడుగు మగ్గం మీదుందిగా, నేసి దించాలిగా. మా నాయనమ్మల రోజుల్లో ముట్టయితే మగ్గం తాకనిచ్చేవాళ్ళు కాదంట. ఇప్పుడా పట్టింపులు లేవు. ఆ నాలుగు రోజులు పని మాని కూర్చోటమూ లేదు."

నీలవేణి దమయంతి ఫైలు తెరిచి ఫారం చూసింది. తన ఫారం మీద సున్నా వేసిన చెయ్యి తనదే. ఆ సున్నాలో ఈ మనిషి కడుపుకి తువ్వాలు కట్టుకుని కూర్చుని ఉంది.

అయినా చదువుకున్న పిల్ల కదా, అంత తేలిగ్గా ఒప్పుకోదు. దమయంతి బయటికి వెళ్ళాక అంది, "మేడం, ఇది రుజువు కాదు. ఒక్క గుడ్డ చూసి ఏం చెప్పగలం?"

"ఏమీ చెప్పలేం" అన్నారు సలోమీ గారు, భూతద్దం ఆమె చేతిలోనే ఉంచేసి. "మానేసిన రోజులు అడిగావు వేణీ. చేసిన రోజులు అడగలేదు."

ఆ మధ్యాహ్నమే నీలవేణి నేతపేట సొసైటీకి వెళ్ళింది. తిప్పికొట్టిన గుడ్డలు గది మూలన కుప్పగా ఉన్నాయి. నేతగాళ్ళ పేరు, పడుగు ఎక్కించిన తేదీ, దించిన తేదీ రాసిన చీటీ ఒక్కోదానికీ కుట్టి ఉంది. గుడ్డ చూసి తీసుకునే ముసలాయన పుల్లయ్య గారు ఆమెని అనుమానంగా చూశాడు.

"ఈ ఆడోళ్ళకి నెలకోసారి పరధ్యానం పడుద్దమ్మా. ఎంత చెప్పినా వినరు" అన్నాడు.

మొన్నటిదాకా నీలవేణీ అదే అనుకుంది, కాకపోతే ఫారం మీద అనుకుంది. చీటీల మీద పేర్లు కనబడకుండా కాగితం అంటించమని ఆయన్నే అడిగింది. ఎవరి గుడ్డో తెలిస్తే తన కన్ను తనకి కావలసిందే చూస్తుందని ఆమె భయం. ఆ రోజూ మర్నాడూ గుమ్మంలో వెలుతురున్నంతసేపూ కూర్చుని ముప్పై నాలుగు గుడ్డలు కొలిచింది. మెడ పట్టేసింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. గురువారం సాయంత్రం కాగితాలు విప్పి, ఏ గజం ఏ రోజుల్లో నేసిందో చీటీల మీది తేదీల్ని బట్టి లెక్కకట్టి, ఆస్పత్రి ఫైళ్ళలో ఉన్న నెలసరి తేదీలు పక్కన పెట్టుకుంది.

పంతొమ్మిది మందిలో పద్నాలుగు మంది గుడ్డలే దొరికాయి. వాటిలో పదకొండింట పలచటి చోటు సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. ఈ బాధ లేని నేతగాళ్ళవి ఇరవై గుడ్డలు. వాటిలో పలచన ఎక్కడైనా ఉంటే దానికి ఒక వరసంటూ లేదు.

పుల్లయ్య గారు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. "పదేళ్ళ నుంచి తిడతన్నానమ్మా వీళ్ళని" అన్నాడు. తర్వాత లేచి వెళ్ళి ఆమెకి టీ తెచ్చిపెట్టాడు.

శుక్రవారం కమిటీ ముందు నీలవేణి మొదట చెప్పిన మాట, "నా ఫారం తప్పు" అని. రెండేళ్ళ కిందట ఆ మాట చెప్పాల్సి వస్తే ఆమె నాలుక తెగిపడేది. గుడ్డ ముక్కలు బల్ల మీద పరిచింది. ఇది రుజువు కాదు, అడగాల్సిన ప్రశ్న అని చెప్పింది. వాళ్ళు గంటసేపు గుచ్చిగుచ్చి అడిగారు. చివరికి గడువు నెల రోజులు పొడిగించి, రెండో ప్రశ్న మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడా ప్రశ్న ఇలా ఉంది: ఆ రోజుల్లో మీరు ఏ పని, ఎలా చేశారో చెప్పండి. దాని కింద గళ్ళు లేవు. ఖాళీ గీతలు ఆరున్నాయి.

దమయంతికి మరుసటి నెలలో కెమెరాతో చూశారు. సలోమీ గారి పక్కన నీలవేణి నిలబడి ఉంది. తెర మీద గర్భసంచి వెనకాల నల్లటి చుక్కలు, తెల్లటి మచ్చలు, పేగుని లాగి పట్టుకున్న గట్టి పొర కనిపించాయి. ఒక్కొక్కటీ ఓపిగ్గా విడదీసి తీసేసరికి రెండున్నర గంటలు పట్టింది.

మెలకువ వచ్చాక దమయంతి మొదట అడిగింది, "ఏమన్నా ఉందాండీ?" అని.

"ఉందమ్మా" అంది నీలవేణి. "చాలా ఉంది. నువ్వు చెప్పింది నిజమే."

దమయంతి ఏడ్చింది. జబ్బు ఉందని తెలిసి ఒక మనిషి సంతోషంతో ఏడవడం నీలవేణి అంతకు ముందు చూడలేదు. భర్త గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. మంచం దగ్గరికి వచ్చి ఆమె కాళ్ళ మీద దుప్పటి సరిచేశాడు. అతనికి ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం దమయంతి ఎవరూ అడక్కుండానే గుడ్డ మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈసారి తలదించుకోలేదు.

"ఇది సొసైటీకి పోవాలండీ. ముందు మీకు చూపిద్దామని."

నీలవేణి కొస అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. దమయంతి అటు నిలబడి విప్పుతోంది. మొదటి నెల రోజుల నేతలో ఒక చోట ఎండ కొద్దిగా దూరింది, అదీ జానెడు మేర. ఆ తర్వాత గుడ్డ సాగుతూనే ఉంది. నీలవేణి భూతద్దం తీసింది. వేళ్ళతో తడిమింది. మరి కొంచెం లాగింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసింది.

సలోమీ గారు ఓపీ ముగించుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"దొరికిందా?"

"ఇంకా లేదు మేడం. రెండో నెల నేతంతా వెతికాను. మూడోది చూస్తున్నాను."

ఆవిడ లోపలికి వచ్చి, కిటికీ రెండో రెక్క కూడా తెరిచారు.

"నిదానంగా చూడు. సాయంత్రం దాకా వెలుతురుంటుంది."